పదేళ్లు నిలిచే ఫోర్‌వీల్ బండి: నల్గొండ, పాలమూరు నేలల మీద ఎంపిక

నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో ఫోర్‌వీల్ డ్రైవ్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి, కొనదలచినవారు ముందుగా అడిగేది ఇంజిన్ గురించే: ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరుగుతుంది, మైలేజీ ఎంత ఇస్తుంది, టర్బో ఎన్నాళ్లుంటుంది అని. అదే బండిని ఎనిమిదేళ్లు, పదేళ్లు నడిపిన యజమానిని అడిగితే ఆయన చెప్పే ఖర్చుల్లో ఇంజిన్ వంతు చాలా చివర వస్తుంది. ముందు ఇరుసు, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంచే గేరు పెట్టె), చక్రాల హబ్బులు, ప్రొపెల్లర్ షాఫ్టు (ఇరుసుకు శక్తి మోసే కడ్డీ) క్రాసులు, సస్పెన్షన్ బుష్‌లు, వైరింగు ముందు వరుసలో ఉంటాయి. కాబట్టి కరపత్రంలోని హార్స్‌పవర్‌ను కాసేపు పక్కనపెట్టి, బండి అడుగున ఏముందో, పదేళ్ల తర్వాత దాన్ని మనకు అందే దూరంలో ఎవరు బాగుచేయగలరో చూసి ఎంచుకోవాలన్నది నా అభిప్రాయం.

మన దక్షిణ తెలంగాణలో ఫోర్‌వీల్ అవసరం ఊరూరికీ మారుతుంది. దేవరకొండ, మునుగోడు, జడ్చర్ల వైపు చెలక నేలల్లో వాన వెలిసిన కొద్ది గంటల్లోనే బాట గట్టిపడుతుంది గనుక మామూలు వెనుక చక్రాల బండి కూడా నెట్టుకొస్తుంది. అలంపూర్, గద్వాల, మక్తల్ వైపు నల్లరేగడిలో పరిస్థితి వేరు. మట్టి టైరు గాళ్లలో నిండి, చక్రం నునుపుగా తిరుగుతూ అక్కడే లోతుకు దిగబడుతుంది. మిర్యాలగూడ, హాలియా, నిడమనూరు ప్రాంతాల్లో సాగర్ ఎడమకాలువ కింద నాట్ల కాలంలో కేజ్ వీల్స్ (ఇనుప పట్టీల చక్రాలు) తగిలించిన ట్రాక్టర్లు పొలం బాటలను దున్నినట్టు చేసి పోతాయి. మన్ననూరు దాటి నల్లమలలోకి పోయేవారికి రాళ్లు, ఎత్తుపల్లాలు ఎక్కువ, బురద తక్కువ. చెలకను పక్కనపెడితే తక్కిన మూడు నేలలూ బండిని మూడు రకాలుగా అరగదీస్తాయి. రేగడి క్లచ్చును, రాళ్లు బుష్‌లను, మాగాణి నీళ్లు బేరింగులను తింటాయి. యజమాని అనుభవం వినేటప్పుడు ఆయన పొలం ఎక్కడుందో ముందు అడగకపోతే ఆ మాటకు విలువ లేదు.

యజమానుల మాటను ఎట్లా వినాలో కూడా చెప్పుకోవాలి. ఇరవై లక్షలు పోసి కొన్న బండిని ఎవరూ తేలిగ్గా తిట్టుకోరు. అమ్మేయాలనుకుంటున్నవారు అసలే తిట్టరు. అందువల్ల "బండి ఎట్లుంది?" అన్న ప్రశ్నకు "మస్తుంది" అన్న జవాబే వస్తుంది. దానికి బదులు, ముందు ఇరుసు ఆయిలు చివరిసారి ఎప్పుడు మార్చారు, లో గేరు (తక్కువ వేగంలో ఎక్కువ లాగుడు ఇచ్చే ఫోర్‌వీల్ గేరు) ఈ ఏడాది ఎన్నడైనా వేశారా, హబ్ బేరింగులు ఎన్నిసార్లు మారాయి అని అడిగితే నిజం బయటపడుతుంది. చాలామంది దగ్గర ఈ ప్రశ్నలకు జవాబుండదు, ఎందుకంటే వారు ఫోర్‌వీల్ లీవరు ముట్టుకోనే లేదు. పాత బండ్లు చూసే షెడ్డు మేస్త్రీ మాట మరింత పనికొస్తుంది. ఆయనకు ఏ బండి మీదా అభిమానం ఉండదు, ఏ భాగం మళ్లీ మళ్లీ చేతికొస్తోందో తెలుస్తుంది.

ఫోర్‌వీల్ వ్యవస్థ వాడకం వల్ల చెడేదానికన్నా వాడకపోవడం వల్ల చెడేదే ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ కేసులో, ముందు డిఫరెన్షియల్‌లో (ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టెలో) ఆయిలు తిరగక పైన ఉండే భాగాలు ఆరిపోతాయి. సీళ్లు ఎండి పగుళ్లిస్తాయి. లీవరు లింకేజి తుప్పుతో బిగుసుకుంటుంది. బటన్‌తో పనిచేసే బండ్లలోనైతే గేరు మార్చే చిన్న మోటారు కదలిక లేక పట్టేస్తుంది. నాలుగేళ్ల పాటు ముట్టుకోని లీవరును ఒక వానరాత్రి బురదలో గుంజితే పడదు, అప్పుడు బండి మంచిది కాదన్న పేరొస్తుంది. నెలకొకసారి మెత్తటి మట్టిబాట మీద రెండు మూడు కిలోమీటర్లు ఫోర్‌వీల్ హై (మామూలు వేగం) గేరులో, కొన్ని గజాలు లో గేరులో నడిపితే ఈ సమస్యలో ఎక్కువ భాగం రాదు.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన పొరపాటు తారురోడ్డు మీద జరుగుతుంది. మారుతి జిమ్నీ, మహీంద్రా థార్, స్కార్పియో-ఎన్, రెండో తరం టయోటా ఫార్చ్యూనర్, ఫోర్స్ గూర్ఖా, ఇసుజు వీ-క్రాస్ అన్నీ పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తి వేసుకునే) బండ్లే. వీటిలో ముందు, వెనుక ఇరుసుల మధ్య సెంటర్ డిఫరెన్షియల్ (రెండు ఇరుసులూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు; ఫోర్‌వీల్ వేసినప్పుడు రెండు షాఫ్టులూ ఒకే వేగంతో తిరగాలి. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగాల్సి ఉంటుంది గనుక, ఆ తేడాను మట్టి మీదైతే టైరు జారి సర్దుకుంటుంది; తారు మీద టైరు జారదు, ఆ ఒత్తిడంతా గేర్ల మీద, క్రాసుల మీద, ట్రాన్స్‌ఫర్ కేసు చైను మీద పడుతుంది. వానలో పట్టు బాగుంటుందని 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ నుంచి సూర్యాపేట దాకా ఫోర్‌వీల్‌లోనే నడిపేవారున్నారు. ఆ బండిని తర్వాత కొన్నవాడు ఆ ఖర్చు కడతాడు.

2009లో వచ్చిన మొదటి తరం ఫార్చ్యూనర్ ఫోర్‌వీల్ రకం ఇందుకు భిన్నం. అందులో సెంటర్ డిఫరెన్షియల్‌తో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ శక్తి అందుతుంది. కావలసినప్పుడు లీవరుతో దాన్ని లాక్ చేయవచ్చు. ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది గనుక ముందు ఇరుసు పట్టేయదు, లాక్ వేయనంతవరకు తారురోడ్డు మీద నడిపినా నష్టం లేదు. బదులుగా ముందు సీవీ జాయింట్లు (చక్రం తిప్పినా శక్తిని అందించే వంగే కీళ్లు), వాటి రబ్బరు బూట్లు నిత్యం అరుగుతాయి. నాలుగు టైర్లూ ఒకే కొలతలో, దాదాపు ఒకే అరుగుదలలో ఉండాలి. ఈ బండిలోని 3 లీటర్ల ఇంజిన్ మన్నిక గురించి వినిపించే పొగడ్తలు చాలావరకు నిజమే. అయితే దానికి టైమింగ్ బెల్టు ఉంటుంది, అది గడువుకు మారిందో లేదో బిల్లు చూడకుండా కొనకూడదు. బెల్టు తెగితే వాల్వులు దెబ్బతిని మొత్తం ఇంజిన్ పని పడుతుంది. 2016 నవంబరులో వచ్చిన రెండో తరంలోని 2.8 లీటర్ల ఇంజిన్‌కు చైను ఉంది, కనుక ఆ ఆందోళన లేదు.

తేలికతనం పరంగా మారుతి బండ్లకు సాటిలేదు. 1985లో వచ్చిన జిప్సీలో నాలుగు వైపులా కమాన్లు, సాదా పెట్రోల్ ఇంజిన్, చేత్తో వేసే లీవరు తప్ప చెడిపోవడానికి పెద్దగా ఏమీ లేదు. కమాన్ల బుష్‌లు, ముందు కింగ్‌పిన్ బేరింగులు (ముందు చక్రం పక్కకు తిరిగే ఆధారాలు), క్రాసులకు గ్రీసు: ఈ మూడూ చూసుకుంటే ఎన్నేళ్లయినా నడుస్తుంది. లోపం ఏమిటంటే కూర్చునేవారి నడుము. జిప్సీలో హైదరాబాదు పోయి రావడం, తిరిగి వచ్చి మందు రాసుకోవడం యువకులకు సరదాగా ఉండవచ్చు గానీ, కుటుంబానికి అది బండి కాదు. పైగా ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే దొరుకుతోంది కాబట్టి, పాత జిప్సీ ఇంధన గొట్టాలు, గాస్కెట్లు ఆ ఇంధనానికి తట్టుకునే రకానికి మార్చుకోవాలి. సైన్యం వేలంలో వచ్చిన జిప్సీలు చౌకగా కనిపిస్తాయి, కానీ రిజిస్ట్రేషన్ కాగితాలు పూర్తిగా చేతికి రానిదే డబ్బు ఇవ్వవద్దు.

2023 జూన్‌లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ఆ వరుసలోదే: నిచ్చెన చట్రం, ముందూ వెనుకా ఒకే కడ్డీగా ఉండే గట్టి ఇరుసులు, కాయిల్ స్ప్రింగులు, లో గేరు, చేతి లీవరు. ఇందులోని 1.5 లీటర్ల కె-సిరీస్ పెట్రోల్ ఇంజిన్‌నే ఎర్టిగా, బ్రెజా వంటి బండ్లలో కూడా వాడారు గనుక ఇంజిన్ విడిభాగాలు ఏ పట్టణంలోనైనా దొరుకుతాయి. ట్రాన్స్‌ఫర్ కేసు, ఇరుసు భాగాలకు ఆ సౌకర్యం లేదు, తెప్పించుకోవాలి. బరువు 1,200 కిలోల చుట్టుపక్కలే ఉండడం దీని అసలు బలం. రేగడిలో తేలిక బండి తక్కువ దిగబడుతుంది, దిగబడినా నలుగురు తోస్తే వస్తుంది, టైర్లు, బ్రేకులు, బుష్‌లు ఎక్కువ కాలం వస్తాయి. గట్టి ముందు ఇరుసున్న బండ్లన్నిటిలాగే దీనిలోనూ చక్రాల బ్యాలెన్సు తప్పినా, కింగ్‌పిన్ బేరింగులు, పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసును పక్కలకు జరగనివ్వని కడ్డీ) బుష్ అరిగినా స్టీరింగు వణుకుతుంది. ఆ వణుకు కనిపించిన వెంటనే స్టీరింగు డాంపర్ (వణుకును అణచే భాగం) మార్చి ఊరుకునేవారు అసలు కారణాన్ని దాచిపెడుతున్నట్టే.

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించేది మహీంద్రాయే. ట్రాక్టరు, బొలెరో, ట్రాలీ ఏదో ఒకటి ఆ కంపెనీది ఇంట్లో ఉన్నవారు తర్వాతి బండి కూడా అక్కడే వెతుకుతారు. దానికి కారణం అభిమానం కన్నా మేస్త్రీలే. నాగర్‌కర్నూల్‌లోనైనా, దేవరకొండలోనైనా ఆ బండ్ల మీద చెయ్యి తిరిగినవారు దొరుకుతారు. 2010లో వచ్చిన పాత థార్, వెనుక కమాన్లతో, పెద్దగా ఎలక్ట్రానిక్సు లేకుండా, గుణంలో పనిముట్టు వంటిదే. దాని ఫిట్టింగులు వదులు, తలుపు సందుల్లోంచి నీళ్లు, దుమ్ము లోపలికి వస్తాయి, కానీ దారిలో ఆగిపోతే దారిలోనే బాగుచేయవచ్చు. 2020 అక్టోబరు 2న అమ్మకానికి వచ్చిన కొత్త థార్ చాలా మెరుగైన బండి. వెనుక కాయిల్ స్ప్రింగులు, 2.2 లీటర్ల డీజిల్ లేదా 2 లీటర్ల పెట్రోల్, చేతి లీవరు ట్రాన్స్‌ఫర్ కేసు ఉన్నాయి. అదే సంవత్సరం సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 మధ్య తయారైన 1,577 డీజిల్ బండ్లను కామ్‌షాఫ్ట్ తనిఖీ కోసం కంపెనీయే వెనక్కి పిలిచింది గనుక, ఆ నెలల బండి పాతది కొంటుంటే ఛాసిస్ నంబరు మీద ఆ పని పూర్తయిందో లేదో షోరూములో అడిగి రాయించుకోవాలి. 2023లో వచ్చిన వెనుక చక్రాల థార్‌ను చూసి ఇదీ ఫోర్‌వీల్ థారేనని పొరపడకూడదు. అమ్మేవారు కొందరు ఆ మాట చివరిదాకా చెప్పరు.

స్కార్పియో-ఎన్ ఫోర్‌వీల్ రకం డీజిల్‌తోనే వస్తుంది, కుటుంబానికి థార్ కన్నా ఎంతో అనువైనది. కానీ అందులో ట్రాన్స్‌ఫర్ కేసు మోటారుతో మారుతుంది, కంట్రోల్ యూనిట్లు, సెన్సర్లు ఎక్కువ. వారంటీ ఉన్నన్నాళ్లు అది సౌకర్యం. ఆరో ఏడాది తర్వాత స్కానర్ ఉన్న సర్వీసు సెంటరు మీద పూర్తిగా ఆధారపడాలి. పొలం దగ్గరే కాలం గడిపేవారికి, కూలీలను, ఎరువు బస్తాలను మోసేవారికి బొలెరో క్యాంపర్ ఫోర్‌వీల్ రకం ఎవరూ పెద్దగా చెప్పుకోని మంచి ఎంపిక. ఫోర్స్ గూర్ఖాలో మెర్సిడెస్ మూలాలున్న 2.6 లీటర్ల ఇంజిన్, రెండు ఇరుసులకూ డిఫరెన్షియల్ లాకులు ఉన్నాయి. కేవలం నేల మీది సత్తా చూస్తే దానిదే పైచేయి. అయితే సర్వీసుకు ప్రతిసారీ హైదరాబాదు పోవలసి వస్తే, అచ్చంపేటలో ఉండేవారికి ఆ పైచేయి ఎంతకాలం ముచ్చటగా ఉంటుందో ఆలోచించుకోవాలి. శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కూ అదే మాట వర్తిస్తుంది; ఇంజిన్ గట్టిది, చట్రం గట్టిది, భాగం కోసం ఎదురుచూపు పెద్దది.

రెనో డస్టర్ ఏడబ్ల్యూడీని (ఆల్ వీల్ డ్రైవ్ రకాన్ని) పూర్తి ఫోర్‌వీల్ అనుకుని చవకగా కొన్నవారు చాలామంది ఉన్నారు. 2014 నుంచి వచ్చిన ఆ బండి నడకలో హాయి, దారిలో పట్టు అద్భుతం. కానీ అందులో లో గేరు లేదు. వెనుక చక్రాలకు శక్తి ఒక ఎలక్ట్రానిక్ క్లచ్ ద్వారా వెళుతుంది. రేగడిలో పది నిమిషాలు చక్రాలు తిప్పితే ఆ క్లచ్ వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి తప్పుకుంటుంది. నల్లమల దారులకు, కాంక్రీటు లేని ఊరి బాటలకు సరిపోతుంది, వరి మడి పక్కకు సరిపోదు. డీజిల్ రకాన్ని 2020లోనే, ఆ తరం బండిని 2022లో ఇక్కడ ఆపేశారు. ఇప్పుడు ఆ వెనుక క్లచ్ పోతే వెతుకులాటే.

డీజిలా, పెట్రోలా అన్నది 2020 ఏప్రిల్ తర్వాత కొత్త ప్రశ్నగా మారింది. అప్పుడు అమల్లోకి వచ్చిన బీఎస్6 కాలుష్య ప్రమాణాల డీజిల్ బండ్లలో పొగమసిని పట్టి ఉంచే ఫిల్టరు ఉంటుంది. ఆ మసిని కాల్చివేయడానికి ఇంజిన్ ఇరవై, ముప్పై నిమిషాలు నిలకడగా, వేడిగా నడవాలి. ఇంటి నుంచి పొలానికి రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆపే వాడకంలో ఆ పని ప్రతిసారీ సగంలో ఆగిపోయి, ఫిల్టరు పూడుకుపోతుంది, కాలని డీజిల్ పోయి ఇంజిన్ ఆయిల్లో కలిసి ఆయిలు మట్టం పెరుగుతుంది. వారానికొకసారి జడ్చర్ల నుంచి 44వ నంబరు రహదారి మీద కొత్తకోట దాకానో, నకిరేకల్ నుంచి హైదరాబాదు వైపో పోయే అలవాటున్నవారికి ఈ సమస్య రాదు. బండి ఊరు దాటనిదైతే పెట్రోల్ జిమ్నీయో పెట్రోల్ థారో ఎక్కువ కాలం నిశ్చింతగా ఉంటాయి, మైలేజీ తగ్గినా సరే.

ఎండ, నీళ్లు, ముళ్లు, ఎలుకల గురించి షోరూములో ఎవరూ చెప్పరు. మే నెలలో 45 డిగ్రీలు దాటే నల్గొండలో బోరు నీళ్లను రేడియేటరులో పోయడం అన్నిటికన్నా ఖరీదైన పొదుపు. ఆ నీళ్లలోని లవణాలు సన్నని గొట్టాల లోపల పేరుకుని, మూడు నాలుగేళ్లలో లో గేరు పనిలో ఇంజిన్ వేడెక్కడం మొదలవుతుంది. కూలెంటూ, డిస్టిల్డ్ నీళ్లూ తప్ప మరేదీ పోయకూడదు. గట్ల మీది తుమ్మ ముళ్లు టైరు పక్కగోడలను గుచ్చుతాయి, అక్కడ పంచరు వేయడం నమ్మకమైన పని కాదు. ఆల్ టెరైన్ (మట్టికీ రోడ్డుకీ పనికొచ్చే) టైరు కొనేటప్పుడు గాళ్ల లోతుతో పాటు పక్కగోడ గట్టిదనమూ చూడాలి. ధాన్యం నిల్వచేసిన కొట్టాల పక్కన నిలిపే బండికి ఎలుకల బెడద తప్పదు. వైరింగు ఎంత తక్కువుంటే అంత మేలన్న మాట అక్కడే అర్థమవుతుంది. మన పొడి వాతావరణం వల్ల చట్రానికి తుప్పు తక్కువ, అందుకే కోస్తా నుంచి వచ్చిన బండికన్నా ఇక్కడి పాత బండే మేలు. అయితే మాగాణి మట్టి చట్రం సందుల్లో ఎండకుండా ఉండిపోతే ఇక్కడా తుప్పు పడుతుంది.

పాత బండి చూసేటప్పుడు చేయవలసిన పరీక్ష ఒకటి వివరంగా చెబుతాను. బండిని రాత్రంతా కదలనివ్వకుండా ఉంచి, పొద్దున్నే ముందు డిఫరెన్షియల్ పక్కనున్న ఫిల్లర్ ప్లగ్గును నెమ్మదిగా విప్పించాలి. చిటికెన వేలు లోపల పెట్టి తీస్తే ఆయిలు తేనె రంగులోనో, కొంచెం నల్లగానో ఉండాలి. పాలెక్కువైన చాయ్ రంగులో చిక్కగా ఉంటే అందులో నీళ్లు చేరాయన్నమాట. బండి ఏదో వాగులో మునిగింది, వేడిగా ఉన్న ఇరుసు చల్లటి నీళ్లలో దిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లను లాక్కుంది. వేలికి అంటిన ఆయిల్ని ఎండలో చూస్తే మెరిసే పొడి కొద్దిగా ఉండడం మామూలే, గోటికి తగిలే ముక్కలుంటే గేరు పళ్లు పోయినట్టు. ఆ వెంటనే బ్రీదర్ గొట్టం (ఇరుసు లోపలికి గాలి ఆడనిచ్చేది) ఎక్కడ దాకా ఉందో, మట్టితో పూడిందో చూడాలి. తర్వాత మట్టి నేల మీద ఫోర్‌వీల్ లో వేసి, స్టీరింగు పూర్తిగా ఒకవైపు తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడపాలి. ముందు చక్రాల దగ్గర టకటక శబ్దం వస్తే సీవీ జాయింట్లు, అడుగున డంగుమని ఒకే దెబ్బ వస్తే క్రాసులు. ఈ పరీక్షకు అమ్మేవాడు ఒప్పుకోకపోతే అక్కడితో లేవవచ్చు.

ఢిల్లీ నుంచి వచ్చే పదేళ్ల దగ్గరి డీజిల్ ఫార్చ్యూనర్లు, ఎండీవర్లు మన దగ్గర చాలా చవకగా చెబుతారు. పాత డీజిల్ బండ్ల మీద అక్కడ పెట్టిన ఆంక్షల వల్ల వాటి ధర పడిపోవడం నిజమే, కానీ ఎన్‌వోసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), తెలంగాణ లైఫ్ ట్యాక్సు, పదిహేనేళ్లకు రెన్యువల్ కలుపుకుంటే ఆ చవక చాలావరకు కరిగిపోతుంది. ఎండీవర్ విషయంలో ఫోర్డ్ ఇక్కడ అమ్మకం కోసం తయారీ ఆపింది 2021లో. కొన్ని భాగాల కోసం నిరీక్షణ తప్పదు.

ఇక నా ఎంపిక. అలంపూర్, మక్తల్ రేగడిలో సొంత పొలం ఉండి, బండి ఎక్కువగా ఊరి చుట్టే తిరిగేదైతే పెట్రోల్ జిమ్నీ; బరువు మోయాలంటే క్యాంపర్. ఊరికీ హైదరాబాదుకీ మధ్య వారం వారం తిరుగుతూ, వానకాలంలో పొలం చూసుకునేవారికి చేతి లీవరున్న డీజిల్ థార్. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే స్కార్పియో-ఎన్, అదీ వారంటీ పొడిగించుకుని. బడ్జెట్ ఉన్నవారు కొత్త బండి కన్నా, సర్వీసు చరిత్ర పూర్తిగా దొరికే ఇక్కడి నంబరు రెండో తరం ఫార్చ్యూనర్ ఫోర్‌వీల్ కొనడం మేలు. మార్కెట్లో వెనుక చక్రాల ఫార్చ్యూనర్లూ చాలా ఉంటాయి, ట్రాన్స్‌ఫర్ స్విచ్చు ఉందో లేదో చూసుకోవాలి. చెలక నేలల్లో, తారురోడ్డుకు కిలోమీటరు లోపు పొలం ఉన్నవారికి మాత్రం మంచి ఆల్ టెరైన్ టైర్లు వేసిన వెనుక చక్రాల బొలెరోనే చాలు. ఏడాదిలో నాలుగు రోజులు దిగబడినా పక్క చేను ట్రాక్టరుతో గుంజించుకోవచ్చు, ఆదా అయిన రెండు మూడు లక్షలతో పొలం బాటకు మొరం పోయించవచ్చు.